అంగుళం పైపులో పన్నెండు వైర్లు

నా ఉద్యోగంలో నేను లాగించిన వైరంతా విప్పి చాపితే భూగోళానికి ఒక చుట్టు తిరిగి, మిగిలిన ముక్క మా వీధి వాళ్లందరికీ బట్టలారేసుకునే దండేనికి సరిపోతుంది. మదనపల్లె నుంచి కుప్పం దాకా నేను నిలబడి వైరింగ్ చేయించిన ఇళ్లల్లో, మిల్లుల్లో, కల్యాణ మంటపాల్లో ఒక్క వైరు కాలలేదు. కరెంటు పోతున్న పైపు మీద అరచేయి ఆనిస్తే చాలు, లోపల ఎన్ని ఆంపియర్లు పోతున్నాయో మీటరు కంటే ముందు చెప్పేవాణ్ణి.

ఈ మూడు ముక్కలూ నేను చాలాచోట్ల చెప్పాను. పని మానిన రోజు కప్పిన శాలువా భుజం మీద ఉండగానే చెప్పాను. వాల్మీకిపురం బస్సులో పక్క సీటాయన నిద్రపోతున్నా చెప్పాను. కొత్తగా ఎలక్ట్రికల్ పర్మిట్ చేతికొచ్చిన మీలాంటి వాళ్లకోసం నాలుగు మాటలు రాయమంటే అవే రాద్దామని కూర్చున్నాను. తీరా కాగితం మీద చూసుకుంటే మూడూ నన్ను చూసి నవ్వుతున్నాయి. నోటితో కోసిన కోత గాలికి పోతుంది. రాసింది అక్కడే కూర్చుంటుంది.

అందుకని ఒక్కొక్కటే వెనక్కి తీసుకుంటాను. మొదటిది, ఎవరూ కొలవరన్న ధైర్యంతో అన్నాను. నిజంగా చాపితే ఆ వైరు పలమనేరు దాకా పోయి, తిరుగు దారిలో ఎక్కడో అయిపోతుంది. రెండోది, ఒక్క వైరు కాలలేదన్నది. కాలింది. ఒక్కటి కాదు, పైపు నిండా. మూడోది, ఆ అరచేయి నాది కాదు.

ఆ అరచేయి ఎవరిదో ఆయన పేరు రాయను. ఎవరి పేరూ రాయను, నాది కూడా. మనిషి పేరు పోవడానికి ఎంతసేపు పడుతుందో చెప్పడానికే ఈ నాలుగు కాగితాలు.

తొంభైల నడిమి మాట. మదనపల్లెలో ఒక కంట్రాక్టరు దగ్గర నేను సూపర్‌వైజరుగా ఉండేవాణ్ణి. పనులు పట్టేది ఆయన. ఏ లోడుకు ఏ సైజు వైరు వేయాలో లెక్క కట్టేది నేను. పైపులు పరిచి వైర్లు లాగేది కుప్పం నుంచి వచ్చిన ఒక వైర్‌మన్. ఆయన నాకంటే రెండు మూడేళ్లు పెద్ద. నన్ను సామీ అనేవాడు, నేను ఆయన్ను అప్పా అనేవాణ్ణి. పుంగనూరులో పని తగిలినప్పుడల్లా ఇద్దరం బస్టాండు దగ్గరి లాడ్జిలో రెండు మంచాల గదిలో దిగేవాళ్లం. ఒక్కోసారి నెలల తరబడి.

పెళ్లెందుకు చేసుకోలేదని అడిగినవాళ్లకు నేను మనిషికో కారణం చెబుతుంటాను. ఆ రోజుల్లో మాత్రం ఆ ప్రశ్న నాకు బరువుగా ఉండేది కాదు. సాయంత్రం గదికొస్తే కిరసనాయిలు స్టవ్వు మీద సంగటి కెలికే మనిషి ఉండేవాడు. నా కోతలన్నీ విని "అట్లనా సామీ" అనేవాడు. ఆ అనడంలోనే తెలిసిపోయేది, ఒక్క ముక్క నమ్మలేదని. అయినా చివరిదాకా వినేవాడు. ఆ తర్వాత నా మాట అంత ఓపిగ్గా విన్నది ఆ లాడ్జి గోడలే.

పని పూర్తయ్యాక ఆయనకొక అలవాటు. లోడంతా వేయించి, ఒక గంట ఆగి, పైపు పొడుగునా అరచేయి ఆనించుకుంటూ నడిచేవాడు, పాడి ఆవును నిమిరినట్టు. ఎక్కడో ఒకచోట ఆగేవాడు.

"ఈ డబ్బీలో జాయింటు వదులుగా ఉండాది, ఇప్పి సూడు సామీ."

విప్పితే వదులుగానే ఉండేది. నేను మీటరు సంచిలోంచి తీసేలోపే.

ఇంకో అలవాటు, పైపులో సగం ఖాళీ వదలకపోతే వైరు లాగడు. ఇంకా పడతాయి కదప్పా అంటే ఒకటే జవాబు.

"పడతాయి సామీ. మన పుంగనూరు బస్సులో నూరు మంది పడరా? ఎండాకాలం ఎక్కి సూడు లోపల ఎట్లుంటాదో."

మీరు చదువుకున్న పుస్తకాల్లో దీనికి పెద్ద పేరుంటుంది. విషయం మాత్రం ఆ బస్సే. కరెంటు పోయే ప్రతి వైరూ కొంచెం వేడెక్కుతుంది. ఒంటరిగా ఉంటే ఆ వేడిని గాలి తీసుకుపోతుంది. పదిమందిని ఒక పైపులో కూరితే ఒకరి వేడి ఒకరికి తగులుతుంది, పోయే దారి ఉండదు. అందుకే ఒక వైరు ఇన్ని ఆంపియర్లు మోస్తుందని పట్టికలో ఉన్న అంకెను, గుంపు పెరిగేకొద్దీ తగ్గించుకోవాలి. ఆ పైపు మీద గాలి ఆడకుండా ఏదైనా కప్పితే ఇంకా తగ్గించాలి. నాకిది పుస్తకంలో ఉంది. ఆయనకు చేతిలో ఉంది. పుస్తకం నా సంచిలో ఉంటే చదివినట్టే అనుకునే వయసు నాది.

ఆ ఏడాది పుంగనూరు బయట ఒక ఆమె చాకీ సెంటరు పెట్టింది. పట్టుపురుగు గుడ్డులోంచి బయటపడ్డ రోజు నుంచి వారం పైచిలుకు సాకి, రెండో జ్వరం నాటికి రైతుల చేతికిచ్చే చోటది. జ్వరం అంటే రోగం కాదు. పురుగు కుబుసం విడిచే ముందు మేత మాని, తలెత్తి, కదలకుండా నిలబడిపోతుంది. దాన్ని ఆ వైపు అలా అంటారు. ఆమె కూలి ఇంట్లో పుట్టి, ఇరవై ఏళ్లు ఒకరి మల్బరీ తోటల్లో ఆకు కోసిన మనిషి. ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్ల రైతులకు ఫలానా రోజున పురుగు ఇస్తానని మాటిచ్చింది. ఆకు కోసే ఆమె పురుగు ఏం సాకుతుందని నవ్వినవాళ్లు ఉన్నారు. మొదటి విడతే నిలబడాలి. ఆ సంగతి ఆమె ముఖంలో ఎప్పుడూ ఉండేది.

డిసెంబరు నెల. మా వైపు చలి మీకు చెప్పక్కర్లేదు. పురుగుకు గది రాత్రీ పగలూ ఒకే తీరుగా వెచ్చగా ఉండాలి. మూడు గదులు, గదికి రెండు హీటర్లు, మొత్తం ఆరు. ఒక్కో హీటరు రెండు కిలోవాట్లు, అంటే తొమ్మిది ఆంపియర్లకు దగ్గర. హీటరుకు రెండు వైర్ల చొప్పున పన్నెండు వైర్లు. రేకుల కప్పు కింద వెదురు కట్టి గోనెపట్టాలు పరిచి సీలింగు చేశారు. దాని మీదుగా లైట్లకోసమని వేసిన అంగుళం ఇనుప పైపు ఒకటి అప్పటికే ఉంది.

ఆమె సెంటరుకు గుడికంటే ఎక్కువ మడి. గేటు దగ్గర బ్లీచింగు నీళ్లలో కాళ్లు ముంచి లోపలికి పోవాలి. పూజ కూడా గేటు బయటే చేసింది, అగరుబత్తి పొగ పురుగుకు పడదని. గుడ్లకు మూడు వారాల ముందు, పని మొదలైన రోజే వైర్‌మన్ చొక్కా జేబు చూసి ఆగిపోయింది.

"అనా, బీడీ తాగే చేత్తో నా గదుల్లోకి రావద్దు. పొగాకు గాలి తగిల్తే నా పురుగు బతకదు."

"ఎన్ని దినాలు మా?"

"పురుగు రైతుల ఇంటికి పొయ్యేదాకా."

ఆయన జేబులోంచి కట్ట తీసి, దాన్నొకసారి చూసి, ఎదురుగా ఉన్న టీ అంగట్లో ముసలాయనకు ఇచ్చేసి వచ్చాడు. పాతికేళ్ల అలవాటు. లాడ్జిలో కూడా మళ్లీ వెలిగించలేదు. ఎవరు చూడొచ్చారప్పా అని నేను ఎగతాళి చేస్తే, "పసిబిడ్డలుండే పనికి పోతాండాం కదా సామీ" అన్నాడు. పక్క మంచం నాదే కాబట్టి ఈ సంగతికి నాకంటే గట్టి సాక్షి లేడు. ఇది గుర్తుపెట్టుకోండి.

ఇంకొకటి కూడా. ఇరుకు పైపులో వైర్లు జారడానికి మేం ముఖానికి వేసుకునే పౌడరు చల్లేవాళ్లం. ఆ వాసన కూడా వద్దందామె. అప్పుడు ఆయన లాడ్జి నుంచి రాగిపిండి తెచ్చి వైర్లకు పూశాడు. దోసెడు పిండి పైపులోకి పోయింది. "సామీ, ఈ పొద్దు పైపుకు పెట్టేస్తిమి, మనకు సంగటి ల్యా" అన్నాడు. నవ్వుకున్నాం.

నవ్వుకోక ముందు జరిగిన మాట వేరే ఉంది.

"ఇన్ని ఈ పైపులో వద్దు సామీ. ఇంకో రెండు పైపులు ఎయ్యనీ. లేదంటే లావు వైరు తెప్పించు."

"ఎన్ని దినాలప్పా?"

"రెండు దినాలు. గోడ కొట్టల్ల కదా."

"రేపే గుడ్లు పగుల్తాయి. గుడ్లను రెండు దినాలు ఆగమని నువ్వు చెప్పు పో."

"గుడ్లు ఆగవు. నిజమే. మల్ల వైరు కూడా ఆగదు సామీ."

నేను సంచిలోంచి పుస్తకం తీసి పట్టిక చూపించాను. ఈ సైజు వైరు పద్నాలుగు ఆంపియర్లు మోస్తుంది, మనమిచ్చేది తొమ్మిది, ఇంకేం కావాలి?

"ఆ పుస్తకం రాసినాయప్ప ఒక పైపులో ఎన్ని ఏసి సూసినాడో సెప్పినాడా?"

"చదివింది నువ్వా నేనా?"

"నువ్వే సామీ" అని ఆయన నిచ్చెన ఎక్కాడు. ఆ నువ్వేలో ఎగతాళి లేదు. ఉంటే బాగుండేది.

గుడ్లు అనుకున్న రోజునే పగిలాయి. నల్ల నువ్వుల్లాంటి పురుగులు తట్టల నిండా కదిలాయి. హీటర్లన్నీ వెలిగాయి. నేను టాంగ్ టెస్టరు పట్టుకుని, అంటే వైరు కోయకుండానే చుట్టూ దవడలు మూసి కరెంటు చూపించే మీటరు పట్టుకుని, ఒక్కో వైరునూ చూశాను. తొమ్మిదికి లోపే. ఫ్యూజుల వైపు చూసి ఛాతీ విరుచుకున్నాను. ఒక్కో వైరు తన హద్దులో తానుంది. ఫ్యూజుకు తెలిసేది అంతే. పన్నెండు మంది ఒకరి మీద ఒకరు పడి ఉన్నారని ఫ్యూజుకు తెలియదు.

మూడో రోజు మబ్బు పట్టి చలి ముదిరింది. రేకుల నుంచి చల్లదనం దిగుతోందని ఆమె భయపడింది.

"సారూ, సీలింగు మీద ఒరిగడ్డి పరిస్తే వెచ్చగుంటాది కదా? పరిపించేదా?"

"పరిపించమ్మా" అన్నాను. గదికి దుప్పటి కప్పితే పైపుకూ కప్పినట్టేనని నా బుర్రకు తట్టలేదు. మూరెడు మందాన గడ్డి, దాని కింద ఆ పైపు.

నాలుగో రోజు మధ్యాహ్నం వైర్‌మన్ సీలింగు మీదికెక్కి గడ్డిలో చేయి దూర్చి, వెంటనే వెనక్కి తీసుకున్నాడు. కిందికి దిగి తన అరచేయి నా చేతిలో పెట్టాడు. ఎర్రగా, వెచ్చగా ఉంది.

"కాలతాండాది సామీ. గడ్డి తీయించు. లేకుంటే రెండు హీటర్లన్నా ఆపు."

"మీటరు తొమ్మిదే అంటోంది."

"మీటరును గడ్డిలో పండబెట్టి అడుగు."

ఆపితే గది చల్లబడుతుంది, తీస్తే చలి దిగుతుంది, పురుగు రెండో జ్వరానికి వస్తోంది. ఇంకో నాలుగు రోజులు గడిస్తే రైతులు వచ్చి తీసుకుపోతారు. నాలుగు రోజులే కదప్పా అన్నాను. ఆ సాయంత్రం గదిలో సంగటి తిన్నాం. నేను ఏదో కోత కోశాను. "అట్లనా" అనలేదు.

ఆరో రోజు పొద్దున మేం పోయేసరికి గేటు తెరిచే ఉంది. బ్లీచింగు నీళ్ల తొట్టి ఒరిగిపోయి ఉంది. ఆమె, ఆమెతో పనిచేసే ఆడవాళ్లు బిందెలతో సీలింగు మీద నీళ్లు పోసి ఆర్పేశారు. పెద్ద మంట లేవలేదు. పొగ లేచింది. పురుగుకు అది చాలు. తెలతెలవారుతూ పైపు నుంచి గడ్డికి నిప్పు పాకి, పొగంతా గోనెపట్టాల సందుల్లోంచి గదుల్లోకి దిగింది. తట్టల్లో పురుగులు తలెత్తి నిలబడ్డట్టే ఉన్నాయి, జ్వరంలో ఉన్నాయేమో అనుకున్నాను. దగ్గరికి పోయి చూస్తే, కాదు.

ఆమె ఏడవలేదు. తట్ట ఒళ్లో పెట్టుకుని గేటు దగ్గర కూర్చుంది. రైతులకు కబురు చేరిపోయినట్టుంది, ఒకరొకరే వస్తున్నారు. వచ్చిన ప్రతివాడికీ తట్ట చూపించి, "పోయిండాయన్నా" అని తనే చెప్పింది. లోపలికి పోయి దాక్కోలేదు. నేనైతే దాక్కునేవాణ్ణి. నిజానికి అప్పుడు నేను మోటారు షెడ్డు వెనక నిలబడి ఉన్నాను.

మధ్యాహ్నానికి మా కంట్రాక్టరు మదనపల్లె నుంచి జీపులో వచ్చాడు. ఆయన్ను నేను వరండాలోకి తీసుకుపోయాను. కిటికీ అవతల వైర్‌మన్ దింపిన పైపును రంపంతో కోస్తున్నాడు. గడ్డి ఎట్ల అంటుకుంది అన్నది ప్రశ్న. కంట్రాక్టరే అన్నాడు:

"ఆ కుప్పమాయప్ప బీడీలు తాగుతాడు కదా?"

నేను నోరు విప్పలేదు. అంతే నేను చేసింది. పక్క మంచం మీద పడుకున్నవాణ్ణి, నెల రోజులుగా ఒక్క బీడీ వెలగలేదని తెలిసినవాణ్ణి, లేదని ఒక్క మాట అనలేదు. నేను ఊరుకున్నాను, మిగతాది ఆ ఊరుకోవడం చూసుకుంది. కోసిన పైపులో వైర్లన్నీ కరిగి ఒకటే మోకులా అతుక్కుపోయి ఉన్నాయి. కానీ దాన్ని చూసి, బయటి నిప్పుకు లోపలి వైర్లు కరిగాయనీ అనొచ్చు, లోపలి వేడికి బయటి గడ్డి అంటుకుందనీ అనొచ్చు. పైపు ఇద్దరికీ సాక్ష్యం పలుకుతుంది. కంట్రాక్టరు ఆ రెంటిలో మొదటిదే అన్నాడు. ఆ సాయంత్రానికే వైర్‌మన్ సంచి సర్దుకున్నాడు. నేను మంచం మీద కూర్చుని చూస్తున్నాను. స్టవ్వు నాకే వదిలేశాడు.

"రాగిపిండి డబ్బాలో ఉండాది సామీ" అన్నాడు. పోయాడు.

ఎవరు ఏమన్నా నిజం ఆమెకు తెలుసు. రెండు రోజుల తర్వాత మిగిలిన సామాను తీసుకుపోవడానికి పోతే ఆమే నన్ను ఆపింది.

"సారూ, మొదట నాకు తగిలింది గడ్డి వాసన కాదు, పొగాకు వాసన కాదు. మాడిన సంగటి వాసన. పొయ్యి మీద ఎవరన్నా మరిచిపోయినారేమోనని వంటింట్లోకి పరిగెత్తితి. ఆ తర్వాతనే గడ్డి కాలింది. రాగిపిండి యాడుండాది సారూ? పైపు లోపల కదా?"

నిప్పు లోపల పుట్టిందని ఇంతకంటే ఏ ఇంజనీరు తేల్చగలడు? నేను తలూపాను. ఆ మాట మదనపల్లెకు మోసుకుపోతానన్నాను. మోయలేదు. ఆమె మళ్లీ వైరింగు చేయించుకునేటప్పుడు మా కంట్రాక్టరుకు కబురు పెట్టలేదు. నేరుగా కుప్పానికి మనిషిని పంపి వైర్‌మన్‌నే పిలిపించుకుంది. ఆయన వచ్చి, వేర్వేరుగా పైపులు వేసి, లావు వైరు లాగి పోయాడట. తర్వాత విడతలు నిలబడ్డాయి, రైతులు మళ్లీ వచ్చారు. ఆయన పేరు మాత్రం మా లైనులో నిలబడలేదు. పుంగనూరు, పలమనేరు కంట్రాక్టర్లకు ఆయన బీడీ వైర్‌మన్ అయిపోయాడు. గడ్డి ఉన్నచోటికి, పురుగు ఉన్నచోటికి, దూది ఉన్నచోటికి పిలిచేవాళ్లు లేరు.

నేను ఆ పుస్తకం మళ్లీ తెరిచింది చాలా రోజులకు. పట్టిక కింద చిన్న అక్షరాల్లో రెండు వరుసలున్నాయి. పైన ఇచ్చిన అంకె ఒక్క జత వైర్లకని, గుంపుగా వేస్తే తగ్గించుకోవాలని, ఎంత తగ్గించాలో తర్వాతి పేజీలో ఉందని. తిప్పితే ఉంది. ఆరు జతలకు సగానికి కొంచెం పైన. అంటే నా పద్నాలుగు ఎనిమిదికి దిగింది. గడ్డి లెక్క దాని మీద వేరే. ఆయన అరచేయి చెప్పింది ఆ పేజీలో అచ్చయి ఉంది. తమ్ముళ్లూ, పట్టిక ఎవరైనా చదువుతారు. దాని కింద ఉన్నది చదవండి.

ఆ తర్వాత నాకు ఎవరితోనూ గది కుదరలేదు. పుంగనూరు లాడ్జిలో అదే గది తీసుకునేవాణ్ణి. లాడ్జి మేనేజరు మొదట్లో "ఇంకో మనిషి రాలేదా సారూ" అనేవాడు. తర్వాత అడగడం మానేశాడు. రెండో మంచం మీద నా పుస్తకాలు, తువ్వాలు, మీటరు పరుచుకున్నాను, ఖాళీ కనపడకుండా. సాయంత్రం స్టవ్వు వెలిగించేవాణ్ణి. నా సంగటి ఎప్పుడూ గడ్డలు కట్టేది.

రెండు వేల సంవత్సరం దాటాక కుప్పంలో ఒక గ్రానైటు ఫ్యాక్టరీ పనికి నన్ను పంపారు. ఎనిమిది నెలలున్నాను. ఆయన వీధి నా లాడ్జికి నడిచిపోయేంత దూరం. పని దిగాక రోజూ ఆ వైపే నడిచేవాణ్ణి. వీధి మొదట్లో సైకిలు షాపు దాకా పోయి, గాలి కొట్టించుకోవడానికి సైకిలు లేదు కాబట్టి, నిలబడి, తిరిగొచ్చేవాణ్ణి. ఎనిమిది నెలలు. సైకిలు షాపాయన నన్నేమనుకున్నాడో.

ఇప్పుడు మదనపల్లెలో ఒక గదీ వరండా ఉన్న ఇంట్లో ఉంటున్నాను. వరండాలో మీటరు బోర్డు. దాని నుంచి లోపలికి ఒక పైపు. రోజూ చీకటి పడి లైటు వేశాక ఆ పైపు మీద అరచేయి ఆనించి చూస్తాను. చల్లగా ఉంటుంది. ఒక్క మనిషి వాడకానికి పైపు వేడెక్కదు.

ఇక్కడిదాకా రాసి, ఇది అచ్చుకు ఇచ్చే ముందు చూపించాల్సిన మనిషి ఒక్కడే ఉన్నాడని తోచి, మొన్న కాగితాలు సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. పుంగనూరు దాటింది, పలమనేరు దాటింది. ఈసారి సైకిలు షాపు దగ్గర ఆగలేదు. నిజం చెప్పాలంటే షాపు లేదు, సెల్‌ఫోన్ల అంగడి ఉంది. అందుకే దాటగలిగానేమో.

ఆయన వాకిట్లో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కళ్లకు శుక్లాలు. నేను పలకరించక ముందే, చెప్పుల చప్పుడుకే "సామీనా?" అన్నాడు. కూర్చోమన్నాడు. లోపలికి కేకేసి కాఫీ చెప్పాడు. ఇన్నేళ్లు యాల రాలేదని అడగలేదు. అడుగుతాడని బస్సులో మూడు జవాబులు తయారుచేసుకుని పోయాను, మూడూ వృథా.

"ఒకటి రాసినానప్పా. నీ గురించి. తప్పంతా నాదేనని రాసినాను. విను."

"అట్లనా సామీ" అన్నాడు. ఎన్నేళ్లయిందో ఆ మాట విని.

మొదటి నుంచి చదివాను. భూగోళం దగ్గర నవ్వాడు. అరచేయి దగ్గర తన అరచేయి తిప్పి చూసుకున్నాడు, కళ్లు కనపడకపోయినా. నేను నోరు విప్పలేదన్న చోట నా గొంతు కొంచెం వణికింది, వణకాలనే కొంచెం వణికించాను. అయిపోయాక కాగితాలు మడిచి ఆయన మాటకోసం చూశాను. క్షమించానంటాడని కాదు. అలాంటిదేదో.

కాఫీ గ్లాసు నేల మీద పెట్టాడు.

"గదులు మూడని రాసినావే. నాలుగు సామీ."

"నాలుగా?"

"నాలుగో గది ఆకర్ల కట్టినారు. మూడింటికి వైర్లు లాగి నేను పైపు మూతి మూసేసినాక నువ్వొచ్చి, 'ఇవి కూడా అందులోనే తోసెయ్యప్పా' అంటివి. హీటర్లు ఎనిమిది. పదారు వైర్లు. రాగిపిండి ఎందుకు కావల్సి వచ్చె? పన్నెండయితే పిండి లేకుండానే జారతాయి. లోకంలో ఏది సెప్పినా రెండింతలు సెప్పేవాడివి, ఇదొక్కటి తగ్గించినావు సూడు."

పెన్ను తీశాను, పన్నెండు కొట్టేసి పదహారు రాయడానికి. ఆయన చేయి చాచి తడుముకుని నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ అరచేయి ఇంకా వెచ్చగానే ఉంది.

"అది ఉండనీ, అంకెలు ఎవురు సూస్తారు. బీడీ కాడ దిద్దు. కంట్రాక్టరు బీడీ మాట ఎత్తనే లేదు సామీ. కిటికీ ఇవతల రంపం ఆపి ఇంటాండా నేను. ఆయన 'ఎట్ల అంటుకున్నెప్పా' అనె, అంతే. 'ఆ కుప్పమాయప్ప బీడీలు తాగుతాడు' అనింది నువ్వు. నువ్వు ఊరకుండలేదు. అట్ల రాయి."